ఇద్దరి బ్యాండ్‌లూ ఒకే టైమ్‌కి ఉంటే ఏం చేస్తారు?

వచ్చే వీకెండ్ నేనూ మా ఆయనా రెండు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్తున్నాం. ఇద్దరమే బయటికి వెళ్లి చాలా కాలమైంది, అందుకే మనసంతా దాని మీదే ఉంది. చిక్కల్లా శనివారం రాత్రి. నాకు ప్రాణమైన బ్యాండ్, ఆయనకి ఇష్టమైన బ్యాండ్ ఒకే టైమ్‌కి వేర్వేరు స్టేజీల మీద వాయిస్తున్నాయి. ఆయనేమో "నీ బ్యాండ్‌కే వెళ్దాంలే" అంటున్నారు. ఆ "లే"లో ఎంత సర్దుబాటు ఉందో నాకు తెలుసు. సగం ఇక్కడ, సగం అక్కడ చూస్తే రెండూ దక్కకుండా పోతాయేమో! విడివిడిగా చూడటం మాత్రం నాకిష్టం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఇంకొకటి. పెద్ద శబ్దానికి ఆయన చెవులు గంటలకొద్దీ గింగురుమంటాయి. ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది, కానీ స్పీకర్ల పక్కన ఆ లెక్క నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెడితే తాళాల మోత, గొంతులోని స్పష్టత మందగిస్తాయి. సంగీతకారులు వాడే రకం అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తుందట. వాడినవాళ్లుంటే, పాట నిజంగా బాగా వినిపిస్తుందా, గంటల తరబడి పెట్టుకుంటే నొప్పి పుడుతుందా చెప్పండి. ఆదివారం పొద్దున్న ఏ ప్రోగ్రామూ పెట్టుకోకుండా హాయిగా పడుకోవడం మేలా, అదీ చెప్పండి.