పై కండ ఎక్కువైతే లాంగ్ రైడ్‌కి నష్టమా?

ఒలుపు_రైడర్ (అమలాపురం దగ్గర):
అందరికీ నమస్కారమండి. వయసు 29, ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, బరువు 82 కేజీలు. కాలేజీ రోజుల నుంచి జిమ్ అలవాటు, అది చాలదన్నట్టు రెండు నెలలకోసారి దింపు అయ్యాక మా నాన్నతో పాటు కొబ్బరికాయ ఒలుపుకి నిలబడతాను. దాంతో ఛాతీ, భుజాలు, రెక్కలు గట్టిగా వచ్చాయి, కాళ్లు మాత్రం కొంగవే. ఏడాది కింద రోడ్ బైక్ కొన్నాను, రావులపాలెం పోయి రావడం పెద్ద కష్టంగా లేదు. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన టైములోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) చేద్దామని ఉంది, పదమూడున్నర గంటలు టైమిస్తారు కదా.

మొన్న మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్తే 64 కేజీల మా ఫ్రెండు రెండో మలుపులోనే మాయమైపోయాడు. నేను పైకి చేరేసరికి వాడు టీ తాగేసి కూర్చున్నాడు, నాకంటే పావుగంట ముందొచ్చాడట. "ఆ రెక్కలు ఇంట్లో పెట్టి రా బావా" అన్నాడు. నిజంగా బెంచ్ ప్రెస్ మానేసి కండ కరిగించాలా? ఇంకోటి, 80 కిలోమీటర్లు దాటాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది. ఇంత కండ పెట్టుకుని ఇదేం ఖర్మో అర్థం కావట్లేదు.

పాలకొల్లు_బాబాయ్:
తమ్ముడూ, కంగారు పడకుండా ముందు లెక్క చూడు. అదనంగా 5 కేజీలని 400 మీటర్ల ఎత్తుకి మోయాలంటే పట్టే పని సుమారు 20 కిలోజౌళ్లు. నువ్వు 180 వాట్లతో తొక్కుతావనుకుంటే దానికి అయ్యేది రెండు నిమిషాల లోపే. పోనీ మీ ఇద్దరికీ మధ్య ఉన్న 18 కేజీలూ వేసుకో, ఆరున్నర నిమిషాలు. మరి వాడు పావుగంట ముందొస్తే మిగతాది ఎవరి ఖాతాలో రాస్తావు? అది కాళ్లదీ ఊపిరిదీ, బెంచ్ ప్రెస్‌ని తిట్టి లాభం లేదు.

అయినా కోనసీమలో ఎత్తు అంటే ఏముందయ్యా, ఎదుర్లంక వారధీ చించినాడ వంతెనా, అంతేగా. చదును రోడ్డు మీద గంటకి 30 వేగంలో ఆ 5 కేజీలు టైర్ల రాపిడి కింద తినేది మహా అయితే రెండు వాట్లు. మన దగ్గర శత్రువు గాలి. గాలి లేని రోజున కూడా వేగం 25 నుంచి 30కి పెంచితే గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి 70 శాతం పైనే పెరుగుతుంది. ఇక పొద్దెక్కాక రావులపాలెం నుంచి వెనక్కి వస్తుంటే సముద్రపు గాలి ఎదురు కొడుతుంది చూడు, అప్పుడు వెడల్పు భుజాలేసుకుని నిటారుగా కూర్చున్నవాడు గాలికి తలుపు అడ్డం పెట్టినట్టే. అంటే భుజం బరువుకంటే దాని వెడల్పుతోనే నీకు పేచీ, అదీ వంగి మోచేతులు లోపలికి పెడితే చాలావరకు తీరుతుంది. ఇటలీ సైకిల్ రేసర్ ఫిలిప్పో గన్నా ఆరడుగుల పైన ఉంటాడు, 80 కేజీలు దాటిన మనిషి, 2022లో గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. కొండలెక్కడంలో మొనగాడైన రేసర్ వింగెగార్ 60 కేజీల వాడు. ఎవరి రోడ్డు వాళ్లది.

రాజమండ్రి_ఫిజియో:
తిమ్మిరి సంగతి నేను చెప్తానండి. మీరు చెప్పిన ఆ రెండు వేళ్లకే వస్తోందంటే అరచేతి అంచున అల్నార్ నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. మీ ఛాతీ నెట్టడానికి తయారైంది, గంటల తరబడి ఒళ్లు మోయడానికి కాదు. నడుము, పొట్ట, వీపు కండరాలు అలిసిపోగానే బరువంతా చేతుల మీదకి జారుతుంది, తల ఎత్తి రోడ్డు చూడాల్సిన మెడ పట్టేస్తుంది. సీటు ముక్కు కిందకి వంగి ఉందేమో, హ్యాండిల్ మరీ దూరంగా ఉందేమో ముందు అది చూపించుకోండి. పది నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చండి. తిమ్మిరి రైడ్ అయ్యాక మర్నాటికీ పోకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

జిమ్ మానక్కర్లేదు. వారానికి ఒకటి రెండు సార్లు చాలు, బెంచ్ సగానికి తగ్గించి ఆ టైము రోయింగ్‌కి, డెడ్‌లిఫ్ట్‌కి, ప్లాంక్‌కి ఇవ్వండి. బరువులెత్తితే దమ్ము పోతుందని భయం వద్దు. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు పది వారాల పాటు బరువులూ దమ్ము కసరత్తూ రెండూ కలిపి చేయించి చూస్తే దమ్ము తగ్గలేదు, చివరి వారాల్లో వెనకబడింది బలమే. సైకిల్ పెంచేకొద్దీ మీ బెంచ్ నంబరే దానంతటదే పడుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి.

ఘాట్_పిచ్చి (రంపచోడవరం):
బాబాయ్ లెక్క కరెక్టేగానీ ఒక సంగతి వదిలేశాడు, ఉక్క. పెద్ద ఒళ్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి బయటికి పోవడానికి చర్మం మాత్రం ఆ లెక్కన పెరగదు. ఏప్రిల్‌లో మీ డెల్టా తేమకి చెమట ఆరదు, కారిపోతుందంతే. నేను 78 కేజీలు ఉన్నప్పుడు రాజోలు దాటాక వణుకొచ్చి అరటి తోట గట్టున గంట పడుకున్నాను. 71కి వచ్చాక అదే రోడ్డు, అదే నెల, ఏమీ కాలేదు. అయితే నేను తగ్గించింది పొట్ట, కండ కాదులెండి. తమ్ముడూ, నీ 82లో కండ ఎంతో పొట్ట ఎంతో నిజం చెప్పు.

ఒలుపు_రైడర్:
ఆయ్, దొరికిపోయాను అన్నా. నడుము కొలిస్తే 37 అంగుళాలొచ్చింది, పూతరేకుల పుణ్యం. ఇన్నాళ్లూ అద్దంలో పైసగమే చూసుకుంటున్నట్టున్నాను.

మేడమ్ చెప్పినట్టు సీటు చూపించాను, ముక్కు నిజంగానే కిందకి ఉంది, సరిచేయించి నిన్న వంద తొక్కితే తిమ్మిరి తొంభై దాకా రాలేదు. మెడ మాత్రం అలాగే ఉంది. బెంచ్ తగ్గిస్తున్నాను, ఒలుపు తగ్గిస్తానంటే మా నాన్న ఒప్పుకోడు కాబట్టి అది ఉంటుంది. ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకి గడియార స్తంభం దగ్గర బయలుదేరి రాజోలు, చించినాడ మీదుగా పాలకొల్లు వస్తున్నా బాబాయ్, టిఫిన్ మీదే.

పాలకొల్లు_బాబాయ్:
రా. ఇడ్లీ మాత్రమే.