రివ్యూ రాయడానికి ఒక్కసారి వింటే సరిపోతుందా? (రేడియోహెడ్ 'కిడ్ ఎ' గురించి)

లష్కర్_సింథ్:
ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ ఆల్బమ్ 'కిడ్ ఎ' 2000 అక్టోబర్‌లో వచ్చింది. 1997లో 'ఓకే కంప్యూటర్'తో గిటార్ బ్యాండ్‌గా పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లు, ఈసారి గిటార్లను చాలావరకు పక్కన పెట్టేశారు. సింథసైజర్లు, డ్రమ్ మెషీన్, ముక్కలుగా కోసి మళ్లీ అతికించిన గొంతు... చీకటిగా, గుబులుగా ఉండే ఆల్బమ్. ఇంగ్లండ్‌లో మెలొడీ మేకర్ పత్రిక అయిదుకి ఒకటిన్నర ఇచ్చింది. 2009లో అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ ఆ దశాబ్దపు ఆల్బమ్‌ల జాబితాలో దీన్నే మొదట పెట్టింది.

ఆ ఒకటిన్నరని నేను విమర్శ అనను, తొందరపాటు అంటాను. రికార్డు కంపెనీ ముందుగా కాపీలు పంచలేదు. చాలామంది విలేకరులను పిలిచి, కూర్చోబెట్టి వినిపించి పంపింది. అలా ఒకసారి విని ఇలాంటి ఆల్బమ్ మీద తీర్పు చెప్పడం అన్యాయం.

రాత్రి_షిఫ్ట్:
సంగీత రివ్యూల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది ఇచ్చిన సంగతి రాయలేదేం? అది ఎప్పుడు వచ్చింది? 2000 అక్టోబర్ 2న. బ్రిటన్‌లో ఆల్బమ్ షాపులకు వచ్చిన రోజే. మెచ్చుకోవడానికి విడుదల రోజు సరిపోతుంది గానీ తిట్టడానికి ఏళ్లు ఆగాలా? తొందరపాటైతే రెండూ తొందరపాటే.

కోఠి_కుర్రాడు:
ఇది కరెక్ట్ పాయింట్.

లష్కర్_సింథ్:
కాదు. విడుదలకు ముందే ఆల్బమ్ నాప్‌స్టర్‌లో, అంటే ఇంటర్నెట్‌లో జనం పాటలు పంచుకునే సర్వీసులో, బయటికి వచ్చేసింది. దొరికినవాళ్లు ముందు నుంచే వింటున్నారు. తేదీ చూసి ఎన్నిసార్లు విన్నారో చెప్పలేం.

రాత్రి_షిఫ్ట్:
మరి తిట్టినవాళ్లు ఒక్కసారే విన్నారని మీరెలా చెప్పారు?

లష్కర్_సింథ్:
మేడమ్, మీరు తేదీ దగ్గరే ఆగిపోయారు. ఈ ఆల్బమ్‌లోని 'ఇడియోటెక్' పాట తీసుకోండి. 1973లో పాల్ లాన్స్కీ అనే అమెరికన్ కంపోజర్ కంప్యూటర్ మీద చేసిన రచనలోంచి కొన్ని సెకన్లు తీసుకుని, దాని చుట్టూ ఆ ట్రాక్ కట్టారు. ఆ రచన ఎక్కువమంది చెవిన పడటానికి 27 ఏళ్లు పట్టింది. ప్రయోగాలకు టైమ్ పడుతుంది, నేను చెప్పేది ఇదే.

వీణ_తంత్రి:
నేను కర్ణాటక సంగీతం వైపు మనిషిని. మొదటిసారి వింటే రాగం పట్టుబడదు, నిజమే. కానీ మంచి ఆలాపనలో మొదటి నిమిషంలోనే ఏదో ఒకటి మనల్ని పట్టి కూర్చోబెడుతుంది. మీరు చెబుతున్న ఆల్బమ్ మొదటి పాటలో ఆ సింథసైజర్ నన్ను అలాగే కూర్చోబెట్టింది. మూడో పాటలో బ్రాస్ వాయిద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నప్పుడు ఆపేశాను. రెండూ నా నిజమైన అనుభవాలే.

రాత్రి_షిఫ్ట్:
నవలాకారుడు నిక్ హార్న్‌బీ అదే ఏడాది న్యూయార్కర్‌లో ఈ ఆల్బమ్ గురించి రాశాడు. ఇలాంటి సంగీతానికి ఓపిక, భక్తి కావాలి, జీతం తీసుకోవడం మొదలుపెట్టాక ఆ రెండూ తగ్గిపోతాయి అన్నది ఆయన మాటల సారాంశం. నేను గచ్చిబౌలిలో రాత్రి షిఫ్ట్ చేస్తాను. పొద్దున ఇంటికొచ్చి వంట చేసి పడుకుంటాను. అలాంటి మనిషి ఒకసారి విని 'నాకు పట్టలేదు' అంటే అది కూడా విమర్శే.

లష్కర్_సింథ్:
అలా అనుకునే ఈ ఊళ్లో సినిమా పాట తప్ప ఇంకేదీ బతకడం లేదు. తొలి వారంలోనే అమెరికా చార్టులో నంబర్ వన్ అయిన ఆల్బమ్ ఇది, అదీ ఒక్క పాటను కూడా విడిగా సింగిల్‌గా విడుదల చేయకుండా. అక్కడి జనాలకు ఉద్యోగాలు లేవా?

రాత్రి_షిఫ్ట్:
చూశారా, అసలు మాట బయటికొచ్చింది. అక్కడి జనాలకు చెవులున్నాయి, మాకు లేవు. కాలేజీలో ఉన్నప్పుడు తోటివాళ్లు హాస్టల్ గదిలో ఇదే ఆల్బమ్ పెట్టి నా మొహంలోకి చూస్తూ కూర్చునేవాళ్లు. అర్థం కాలేదంటే నవ్వేవాళ్లు. బాలు పాటలు వింటానంటే ఇంకా నవ్వేవాళ్లు. నచ్చలేదని చెప్పడానికి భయపడి, నచ్చిందని అబద్ధం చెప్పినవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. మీరు చూపించే జాబితాల వెనుక అలాంటి అబద్ధాలు లేవని నేను నమ్మను.

కోఠి_కుర్రాడు:
అన్నా, ఊరిని తిట్టడం మాత్రం బాగోలేదు.

లష్కర్_సింథ్:
మీ హాస్టల్ గదిలో నేను లేను. నా సంగతి వినండి. మల్కాజిగిరిలో ఒక గదిలో ఏళ్ల తరబడి ట్రాక్‌లు చేస్తున్నాను. మౌలాలి యార్డులో రాత్రిపూట వ్యాగన్లు కలిపే చప్పుడు రికార్డు చేసి, దాన్ని సాగదీసి, కింద బేస్ పెట్టాను. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్ వాళ్లు పిలిచారు. రెండో ట్రాక్ మధ్యలో మేనేజర్ వచ్చి, సినిమా రీమిక్స్‌లు ఉంటే వెయ్యి, లేకపోతే దిగిపో అన్నాడు. దిగిపోయాను. ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇంట్లో 'కిడ్ ఎ' వినేవాళ్లే. ఆ ఆల్బమ్‌కు ఏళ్ల టైమ్ ఇచ్చారు. నాకు పది నిమిషాలు ఇవ్వలేదు.

వీణ_తంత్రి:
అయ్యో. ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే బాగుండేది కదా నాయనా.

రాత్రి_షిఫ్ట్:
మీకు జరిగింది తప్పే. పాట మధ్యలో మనిషిని దింపేయడం మర్యాద కాదు. కానీ మీ కోపం ఆ మేనేజర్ మీద ఉండాలి, 2000లో నచ్చలేదని రాసిన విలేకరి మీద కాదు. అతను ఎవరినీ స్టేజి దింపలేదు, ఉన్నదున్నట్టు రాశాడు. మీరేమో వినేవాళ్లు మీకు అప్పు పడ్డారన్నట్టు మాట్లాడుతున్నారు. ఎవరూ ఎవరికీ అప్పు లేరు.

లష్కర్_సింథ్:
అప్పు ఉంది. ఒక మనిషి ఏళ్లు పెట్టి చేసిన పనిని వింటానని ఒప్పుకున్నాక, పూర్తిగా వినడం బాధ్యత. తీర్పు రాసి జనం ముందు పెట్టేవాడికి ఆ బాధ్యత ఇంకా ఎక్కువ. నేను ఈ మాట వెనక్కి తీసుకోను.

రాత్రి_షిఫ్ట్:
పూర్తిగా వినడం వరకు ఒప్పుకుంటాను. మళ్లీ మళ్లీ వినాలంటే ఒప్పుకోను. మీ ట్రాక్ ఇక్కడ పెట్టండి. రేపు పొద్దున క్యాబ్‌లో ఇంటికొచ్చేలోపు మొత్తం వింటాను. నచ్చకపోతే అదే రాస్తాను. దాన్ని తొందరపాటు అనకూడదు.

లష్కర్_సింథ్:
క్యాబ్‌లో వద్దండి. ఆ బేస్ ఇంజిన్ చప్పుడులో కలిసిపోతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో వినండి.

రాత్రి_షిఫ్ట్:
క్యాబ్‌లోనే వింటాను. రోజు మొత్తంలో నాకంటూ ఉన్న టైమ్ అదొక్కటే.