అప్‌డేట్: పేస్‌మేకర్ ఉన్న నాన్నకు గుండె ఎం.ఆర్.ఐ. అయింది

పోయిన నెల అడిగాను కదా, నాన్నకు పేస్‌మేకర్ ఉంది, సార్కాయిడోసిస్ (అవయవాల్లో వాపు గడ్డలు కట్టే జబ్బు) అనుమానంతో గుండెకు ఎం.ఆర్.ఐ. రాశారు, తీయించొచ్చా అని. గురువారం తీశారు. నాన్న బాగానే ఉన్నారు.

మొదట వెళ్లిన స్కాన్ సెంటర్‌లో పేస్‌మేకర్ అనగానే కుదరదనేశారు, పేస్‌మేకర్ వివరాలుండే కార్డు గురించి కూడా అడగలేదు. మీరు వెతకమన్న ఆ కార్డు బీరువాలో పాత బిల్లుల మధ్య దొరికింది. రెండో ఆసుపత్రిలో దాన్ని పట్టుకుని పేస్‌మేకర్‌తో పాటు లీడ్లు (దాన్నుంచి గుండెలోకి వెళ్లే తీగలు) కూడా ఎం.ఆర్.ఐ.కి పనికొచ్చే రకమేనా అని చూశారు. వాడకుండా వదిలేసిన పాత లీడ్ లోపల ఉందేమోనని ఎక్స్‌రే తీశారు. పెట్టి ఆరు వారాలు దాటిందా అని అడిగారు. మాకు మూడేళ్లయింది.

అసలు పని స్కాన్‌కు ముందే. నాన్న గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తుంది. మిషన్ నుంచి వచ్చే అలజడిని అది గుండె చప్పుడనుకుని ఆగిపోతే ప్రమాదం. అందుకే దేన్నీ పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టేలా మార్చారు. స్కాన్ మిషన్ అయస్కాంత బలం 1.5 టెస్లా. లోపలున్నంతసేపూ ఈసీజీ, వేలికి క్లిప్పు, పక్క గదిలో షాక్ మిషన్‌తో డాక్టరు. నాకు టెన్షన్, ఆయనకేమో ఆ మోత మీదే కోపం!

అవ్వగానే పాత సెట్టింగ్ పెట్టించుకోండి, మరవద్దు. ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం) ఉన్నవాళ్లకైతే షాక్ ఇచ్చే పనిని స్కాన్ సేపు ఆపేస్తారు, కాబట్టి మళ్లీ ఆన్ చేశారో లేదో తప్పక అడగండి. వాళ్లకు బొమ్మలో మసక కూడా ఎక్కువేనట. మాకు ఎడమవైపు కొంచెమే వచ్చింది. రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు.