పాత హిట్లకి మార్కులేస్తే అన్నిటికీ ఎనిమిదీ తొమ్మిదే వస్తున్నాయి, ఎక్కడ తప్పుతోంది?

లంకగాలి (అమలాపురం):

అందరికీ నమస్కారమండి. ఇక్కడ తొమ్మిది మందిమి కలిసి 1960 నుంచి 1999 దాకా ఊరూవాడా మోగిన సినిమా పాటల్ని మళ్లీ వింటూ పదికి మార్కులు వేస్తున్నాం. ఆదివారానికి పది పాటలు. నాలుగు వారాలకి నలభై అయ్యాయి. సంక్రాంతి లోపు వంద పాటల వరస తేల్చాలని ఉంది గానీ లెక్క కుదరడం లేదు.

ఒకటి, సగటు తీస్తే అన్నీ ఏడున్నరకీ తొమ్మిదికీ మధ్యే ఇరుక్కుంటున్నాయి. రెండు, 90ల పాటలు సీడీల్లోంచి వేస్తున్నాం, 60ల పాటలు క్యాసెట్ల నుంచీ యూట్యూబ్ నుంచీ వేస్తున్నాం. ప్రతి వారం 90లే గెలుస్తున్నాయి. పాట గెలుస్తోందో శబ్దం గెలుస్తోందో తెలియడం లేదు. మూడు, మొదటి వారం 8.6 వచ్చిన పాటని నాలుగో వారం మళ్లీ వేస్తే 7.4 వచ్చింది. మనుషులు వాళ్లే, పాట అదే, ప్లేయరూ అదే.

పద్ధతి తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి.

పాతటేపు (పాలకొల్లు):

మార్కుల సంగతి తర్వాతండి. ముందు మీరు వింటున్నది అసలు పాటేనా అన్నది తేల్చుకోండి.

క్యాసెట్ల రోజుల్లో వేరే గాయకుల చేత మళ్లీ పాడించి అమ్మిన 'వెర్షన్' క్యాసెట్లు బోలెడు. 1957 కాపీరైటు చట్టంలోనే దానికి వీలుండేది. అట్ట మీద సినిమా పేరు పెద్దగా, పాడినవాళ్ల పేరు చిన్నగా ఉంటే అనుమానించండి. పాత పాట మీద కొత్త డ్రమ్ముల దరువు అతికించిన ఝంకార్ బీట్స్ బాపతు కూడా పక్కన పెట్టేయండి. ఇంకో చిక్కు నిడివి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుకి పక్కకి మూడు నిమిషాలకి అటూ ఇటూగా పడుతుంది. పాట పెద్దదైతే రెండు పక్కలకీ విడగొట్టేవారు, లేదంటే చరణం తీసేసేవారు. కాబట్టి సినిమాలోంచి తీసిన పాటా, రికార్డు మీది పాటా ఒకటే అనుకోకూడదు. ఏది వింటున్నారో కాగితం మీద రాసిపెట్టుకోండి.

తర్వాత వేగం. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. మోటారు వెనక ఉండే స్పీడు స్క్రూని ఎవరైనా కదిపి ఉంటే ఎటైనా పోతుంది. బెల్టు సాగితే ఊగిసలాడుతుంది. 6 శాతం వేగం పెరిగిందంటే శ్రుతి దాదాపు ఒక మెట్టు, అంటే హార్మోనియం మీద పక్క రీడుకి, ఎక్కిపోయినట్టే. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 46 సెకన్లకే అయిపోతుంది. సుశీల గారి గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంటే ముందు దీన్నే అనుమానించండి. ప్రమాదమేమిటంటే, వేగంగా తిరిగే కాపీ హుషారుగా అనిపించి మార్కులు కూడా ఎక్కువే కొట్టేస్తుంది. యూట్యూబ్‌లో పాత క్యాసెట్ నుంచి ఎక్కించినవాటిలో ఇది మామూలే.

పట్టుకోవడానికి తేలిక దారి, అదే పాట ఇంకోచోట దొరికితే రెండిటి నిడివీ పోల్చడం. దొరక్కపోతే కరెంటు గుర్రు చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత రికార్డింగులో ఆ గుర్రు సన్నగా అంటుకుని ఉంటుంది. ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే ప్రోగ్రాంలో పాట మొదట్లో నిశ్శబ్దంగా ఉన్న ముక్కని ఎంచుకుని స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంతుందో చూపే గీత) గీయించండి, సైజు 65536 పెట్టండి. 50 దగ్గర ఉండాల్సిన మొన 53 దగ్గర కనిపిస్తే పాట 6 శాతం వేగంగా ఉన్నట్టు. సరిగ్గా 50 మీద ఇంకో మొన ఉంటే అది మీ క్యాసెట్ డెక్కుదో వైరుదో, ఇవాళ్టిది. దాన్ని చూసి మోసపోవద్దు.

సరిచేసేటప్పుడు వేగమూ శ్రుతీ కలిపి మార్చే ఎఫెక్టే వాడాలి. టెంపో మార్చేది వాడితే నిడివి సరిపోతుంది గానీ శ్రుతి అక్కడే ఉండిపోతుంది. ఇంకో మాట, 6 శాతం ఎక్కువుందని మైనస్ 6 కొట్టకండి, మైనస్ 5.66 కొట్టాలి. వందా ఆరుని వందకి తేవడం కదా.

ఇక శబ్దం. మీ రెండో ప్రశ్నకి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువున్న పాటని చెవి 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. 90ల చివరి సీడీకీ మీ క్యాసెట్ కాపీకీ మధ్య ఎనిమిది పది డెసిబెళ్ల తేడా ఉన్నా వింతేం లేదు. యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది గానీ సన్నగా ఉన్నదాన్ని మామూలుగా పెంచదు, దాన్ని నమ్ముకోవద్దు. అన్ని ఫైళ్లనీ ఆడాసిటీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 20 లఫ్స్‌కి (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెండి. అక్కడ మోనోని డ్యుయల్ మోనోగా లెక్కించమనే గడి ఉంటుంది, దానికి టిక్కు ఉండాలి. లేకపోతే మోనో పాటలన్నీ 3 డెసిబెళ్లు తేడాగా వస్తాయి. 60ల పాటలన్నీ మోనోయే కాబట్టి ఆ ఒక్క టిక్కుతో ఒక దశాబ్దం మొత్తం తారుమారవుతుంది. మోనో పాటని స్టీరియో డెక్కు మీద ఎక్కించినప్పుడు రెండు చానళ్లనీ కలిపేయండి, బుస కూడా కొంత తగ్గుతుంది.

క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తోందా? అది బూజు. మన లంకల తేమకి పట్టని ఇల్లుండదు. అలాగే వేస్తే హెడ్డుకి, అంటే టేపుని చదివే భాగానికి, అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్టుకీ పాకుతుంది. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో నాలుగు రోజులు పెట్టి, ఇంటి బయట పొడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, అప్పుడు వేయండి. హెడ్డునీ రబ్బరు రోలర్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. తుడిచాక కూడా శబ్దం దుప్పటి కప్పినట్టుంటే ఎక్కువగా రెండు కారణాలు. క్యాసెట్ లోపల హెడ్డుకి ఎదురుగా ఉండే చిన్న స్పాంజి ఊడిపోయి ఉంటుంది, లేదా హెడ్డు వంకర తిరిగి ఉంటుంది. హెడ్డు పక్కన ఉండే స్క్రూని పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పుతూ 'స', 'శ' పదునుగా తేలినచోట ఆపండి. ఆ చెవి పని మోనోలో వింటూ చేస్తేనే తెలుస్తుంది.

కొలబద్ద (భీమవరం):

పైన చెప్పినవన్నీ చేశాక కూడా ఎనిమిదీ తొమ్మిదే వస్తాయండి. ఎందుకంటే మీరు పదిలో సగాన్ని వాడటమే లేదు. పాత హిట్టుకి నాలుగు వేయడానికి మనవాళ్లకి చెయ్యి రాదు. అంకెకి అర్థం ముందే రాసి గోడకి అంటించండి. 3 అంటే మార్చేస్తాను. 5 అంటే వస్తే వింటాను, రాకపోతే వెతకను. 7 అంటే మోగుతుంటే పని ఆపి వింటాను. 9 అంటే వెతుక్కుని మరీ వింటాను. అర మార్కులు వద్దు.

మార్కు రాశాకే మాట. పెద్దాయన ఒకరు 'ఆహా' అన్నారంటే తర్వాత ఎనిమిది మందిదీ ఆ ఆహాయే. సగటు బదులు మధ్య మార్కు తీసుకోండి. తొమ్మిది మార్కుల్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే ఐదోది. ఒకరు కోపంతో 1 వేసినా వరస చెదరదు.

8.6 ఎందుకు 7.4 అయిందంటారా, దానికి ముందు ఏ పాట వేశారో చూడండి. హుషారు పాట తర్వాత వచ్చిన జోలపాట ఎప్పుడూ నష్టపోతుంది. మొదటి పాటకి అందరూ జాగ్రత్తగా వేస్తారు, పదో పాటకి ఆకలేస్తుంటుంది. పిసినారి మార్కుల మనిషి ఒకరు రాని వారం పాటలన్నీ గొప్పవైపోతాయి.

అందుకని కొలబద్ద పాటలు మూడు పెట్టుకోండి. ఒకటి బాగా పై స్థాయిది, ఒకటి మధ్యరకం, ఒకటి ఫర్వాలేదనిపించేది. ప్రతి వారం పదిలో ఈ మూడూ ఉండాలి, కొత్తవి ఏడే. ఈ మూడింటి సగటు మొదటి వారం 6.8, నాలుగో వారం 5.9 వచ్చిందనుకోండి. ఆ వారం మనసులు 0.9 మేరకు బిగుసుకున్నాయన్నమాట. ఆ వారం పాటలన్నిటికీ 0.9 కలపండి. మీ 7.4 అప్పుడు 8.3 అవుతుంది. మిగిలిన 0.3 తేడా పట్టించుకోవాల్సింది కాదు. ఒక్కొక్కరి మార్కుల్లోంచి వారి సొంత సగటు తీసేసే పద్ధతి కూడా ఉంది గానీ, నిజంగానే మంచి పాటలు పడిన వారాన్ని అది మామూలు వారంగా మార్చేస్తుంది. కొలబద్ద పాటలు లేకుండా దాని జోలికి పోవద్దు.

ఎంపిక గురించి కూడా ఒక మాట. 60ల నుంచి మీకు గుర్తొచ్చేవి ఇప్పటికే అరవై ఏళ్లు జల్లెడ పట్టినవి. ఆ ధాన్యం మిల్లుకెళ్లి బియ్యమై వచ్చింది. 90లది ఇంకా కళ్లంలోనే ఉంది, తాలూ గింజా కలిసే ఉన్నాయి. జ్ఞాపకం మీద ఏరితే దశాబ్దాల పోలిక చెల్లదు. దశాబ్దానికి ఐదు సినిమాలు తీసుకుని ప్రతి దాంట్లోని పాటలన్నీ వరసగా వేయండి. మార్కుల చీటీ మీద పుట్టిన సంవత్సరం రాయించడం మరవద్దు. పదీ పదిహేను ఏళ్ల నుంచి ముప్పై లోపు విన్న పాటలే మనిషికి ఎక్కువ పట్టుకుంటాయి. మీ తొమ్మిది మందిలో ఆరుగురు 1970 తర్వాత పుట్టినవాళ్లైతే 90లు గెలవడానికి సీడీ ఒక్కటే కారణం కాదు.

యతిప్రాస (రాజోలు):

సాహిత్యానికి వేరే గడి పెట్టారా అండి? పెట్టకపోతే పెట్టండి, కాకపోతే మొత్తంలో కలపకండి.

ముందు సాహిత్యం రాయించుకుని తర్వాత బాణీ కట్టడం కె.వి. మహదేవన్ గారి పద్ధతి. తర్వాతి కాలంలో ముందు బాణీ, ఆపైన మాటలు అన్నదే ఎక్కువైంది. ఆ తేడా చెవికి దొరుకుతుంది. 'గోదావరి' అన్న మాటలో గో, దా గురువులు, వ, రి లఘువులు. బాణీ తీసుకెళ్లి 'వ' మీద నిలబెడితే గోదవారి అయి కూర్చుంటుంది. ఇలా దీర్ఘాలు కుంచించుకుపోయి హ్రస్వాలు సాగిన చోట్లు పాటకి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మూడుకి మించితే సాహిత్యం గడిలో ఒక మార్కు కోయొచ్చు. అయితే బాణీకి రాసి కూడా ఒక్క అక్షరం నలగకుండా కూర్చినవాళ్లున్నారు, వేటూరి గారిలాంటివాళ్లు. పద్ధతి చూసి ముందే తీర్పివ్వకూడదు.

ఇంకోటండోయ్. పాటలో గోదారి మాట వినపడగానే మనవాళ్లు తెలియకుండానే రెండు మార్కులు కలిపేస్తారు. 1964 మూగమనసులు, 1973 అందాల రాముడు, 1984 సితార, ఈ మూడింటి పాటలకీ మన జిల్లాల్లో మార్కు ఎంత ఉబ్బుతుందో తెలియాలంటే కృష్ణ అవతల ఉన్న ఒకరిద్దరి చేత కూడా వేయించి చూడండి. సితార పాటకి జానకి గారికి జాతీయ అవార్డే వచ్చింది, అది వేరే సంగతి. అవార్డు వచ్చిందని పాట ఎక్కువ మోగిందనుకోకూడదు, ఎక్కువ మోగిందని అవార్డు స్థాయిదనీ అనుకోకూడదు.

మైకుసెట్టు (రావులపాలెం):

పాతటేపు గారితో నాకో చిన్న పేచీ. హిందీకి బినాకా గీత్‌మాలా అనే రేడియో పాటల కార్యక్రమం ఉండేది, 1952లో రేడియో సిలోన్‌లో మొదలై రికార్డుల అమ్మకాలూ శ్రోతల ఉత్తరాలూ చూసి వరస చెప్పేవారు. మనకి అలా చేతికందే వారపు వరస లేదు. మన హిట్టు అంటే విజయవాడ కేంద్రం నుంచి రేడియోలో వచ్చిందీ, పెళ్లిపందిట్లో కొబ్బరిచెట్టుకి కట్టిన హారన్‌లో మోగిందీ. హారన్‌కి 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. ఆ రోజుల పాటలో గొంతు ముందుకీ వాద్యం వెనక్కీ ఉండటం లోపం కాదు, అది కాలవ అవతలి గట్టుకి వినపడాల్సిన పాట.

కాబట్టి శబ్దం సమం చేస్తే చాలదు. ఒక వారం అన్ని పాటల్నీ 300 కిందా 5000 పైనా కోసేసి, మోనో చేసి, ఒకే చిన్న స్పీకర్‌లో వేయండి. కోత పెట్టాక శబ్దం మళ్లీ సమం చేయాలి, లేకపోతే బేస్ ఎక్కువున్న పాటలు సన్నబడిపోతాయి. రెండు మార్కులూ పక్కపక్కన రాయండి. పెద్ద స్పీకర్‌లో 8 వచ్చి చిన్నదాంట్లో 5 వచ్చిన పాటలో మీకు నచ్చింది బాణీ కాదు, కీబోర్డూ బేసూ.

పాతటేపు (పాలకొల్లు):

ఒప్పుకుంటున్నానండి, కానీ అది రెండో పరీక్షగానే. 80ల్లో ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటార్ కూడా బాణీలో భాగమే. దాన్ని కోసేసి మార్కు వేస్తే అన్యాయం. అసలు వరస మామూలు స్పీకర్ మార్కుతోనే తేల్చాలి.

లంకగాలి (అమలాపురం):

చాలా సంతోషమండి అందరికీ. పాత నలభై మళ్లీ మొదటి నుంచి వేస్తాం, తప్పదు. ఒక్క సందేహం. కొలబద్ద పాటల్లో కింది స్థాయిది దొరకడం లేదు. హిట్ల జాబితాలోంచి ఏది తీసినా ఎవరో ఒకరు కొట్లాటకి వస్తున్నారు.

కొలబద్ద (భీమవరం):

హిట్ల జాబితాలోంచి తీయకండి. పై స్థాయి పాట ఏ సినిమాలోదో అదే సినిమాలో ఎవరికీ పల్లవి కూడా గుర్తులేని పాట ఒకటుంటుంది. అదే తీసుకోండి. వాద్యబృందమూ రికార్డింగూ చాలావరకు ఒకటే కాబట్టి శబ్దం తేడా కూడా పెద్దగా అడ్డురాదు. మూడింటినీ ఒక వారం 2, 6, 9 స్థానాల్లో వేస్తే మరుసటి వారం 3, 5, 8కి మార్చండి. ఏవి కొలబద్దలో పాటలు వేసే మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదు, ఆ మనిషి మార్కులు వేయకూడదు.

పాతటేపు (పాలకొల్లు):

ఫైళ్ల పేర్లు 01, 02 అని మార్చేయండి. పేరు మార్చినా ప్లేయర్ తెర మీద ట్యాగులోంచి (ఫైలు లోపల దాచి ఉండే వివరాల్లోంచి) సినిమా పేరూ పోస్టరూ వచ్చేస్తాయి, ట్యాగులు కూడా చెరపాలి. చెరిపే ముందు అసలు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉంచుకోండి, లేకపోతే నూరో పాట దగ్గరకొచ్చేసరికి 37 ఏదో ఎవరికీ తెలియదు.