ముసలి గేదె చెవి ముక్క దాచిపెడితే క్లోనింగ్‌కి పనికొస్తుందా?

ఉయ్యూరు పాడిరైతు:
అందరికీ నమస్కారం. మా ముర్రా గేదె లక్ష్మికి పదహారేళ్లు. తొమ్మిది ఈతలు ఈనింది. మంచి ఈతలో పూటకి ఎనిమిది లీటర్లకి తగ్గలేదు. రెండేళ్లుగా చూడి నిలవట్లేదు. ఒక్క పడ్డ తప్ప పుట్టినవన్నీ దున్నదూడలే, ఆ పడ్డకి తల్లి పొదుగు రాలేదు. హర్యానాలోని కర్నాల్‌లో గేదెల్ని క్లోన్ చేశారని, అంటే ఒక పశువు కణం నుంచి అచ్చం అలాంటి దూడనే పుట్టించారని చదివాను. చెవి ముక్క కోసి ఇంట్లో డీప్‌ఫ్రీజర్‌లో పెడదాం అంటున్నాడు మా అబ్బాయి. చెవి మంచిదా, తోకా, పాలలోని కణాలా? అసలు ఇంత ముసలిదాని కణం పనికొస్తుందా? దాన్ని చూస్తుంటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కణాల ల్యాబ్:
అన్నా, ముందు ఒక మాట. డీప్‌ఫ్రీజర్‌లో పెట్టొద్దు. కణంలోని నీరు మంచు సూదుల్లా గడ్డకట్టి దాన్ని చీల్చేస్తుంది. కరిగించాక మిగిలేది మాంసం ముక్కే. యాంటీబయాటిక్ కలిపిన స్టెరైల్ సెలైన్‌లో వేసి, ఐస్ మీద పెట్టి, ఒక రోజులో ల్యాబ్‌కి చేర్చాలి. అక్కడ కణాల్ని పెంచి, మంచు సూదుల నుంచి కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలిపి మెల్లగా చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. మీ పశువుల డాక్టర్ సెమెన్ స్ట్రాలు పెట్టుకునే క్యాన్‌లో ఉండేది అదే.

నేను గేదె కణాల పెంపకం మీద నాలుగేళ్లు పనిచేశాను. చెవి, తోక రెండూ పనికొస్తాయి. 2015 డిసెంబర్ 11న హిసార్‌లో పుట్టిన క్లోన్ దున్న ‘హిసార్ గౌరవ్’ తోక అడుగు చర్మపు కణం నుంచి వచ్చిందే. అక్కడ ఎండ తగలదు. కానీ పేడ అంటే చోటు కదా, గొరిగి కడిగి స్పిరిట్‌తో తుడవడంలో బద్ధకిస్తే రెండో రోజుకే కణాలు పెంచే డిష్ అంతా సూక్ష్మజీవులతో మబ్బుపట్టినట్టు అయిపోతుంది. వీర్యంలో దొరికే శరీర కణాల నుంచి కూడా కర్నాల్‌లో 2013లో ‘స్వర్ణ్’ అనే క్లోన్ దూడని పుట్టించారు. పాలలో, వీర్యంలో దొరికే కణాలకి కోత అక్కర్లేదు గానీ, వాటిని శుభ్రంగా పెంచడం కష్టం.

వయసు గురించి భయపడకండి. జపాన్‌లో 17 ఏళ్ల ఎద్దు చెవి కణాల్ని నెలల తరబడి పెంచి, వాటితో ఆరు దూడల్ని పుట్టించారు. ఆ ఫలితం 2000లో అచ్చయింది. పిండం కణమైతే ఇంకా లేతగా, చురుగ్గా పెరుగుతుంది. కానీ పుట్టని దూడ ఎన్ని లీటర్లు ఇస్తుందో ఎవరికి తెలుసు? లక్ష్మి చేతల్లో చూపించింది, అందుకే దాని కణానికి విలువ.

ఎక్కణ్నుంచి తీశామన్నదానికంటే, సొంత డీఎన్‌ఏ తీసేసిన అండంతో కలిపే రోజు కణం ఎలా ఉందన్నదే నాకు ముఖ్యం అనిపిస్తుంది. ఆవగింజంత చర్మపు ముక్కని డిష్‌కి అతికిస్తే, వారం తిరిగేలోపు అంచుల్లోంచి సన్నగా, రెండు కొసలూ లాగినట్టుండే కణాలు బయటికి పాకుతాయి. డిష్ నిండాక వాటికి ఆహారం తగ్గించి, విభజన ఆపి నిద్రపుచ్చాలి. అండంలోకి వెళ్లగానే కణ కేంద్రకం పొర కరిగిపోతుంది. ఆ సమయంలో కణం తన డీఎన్‌ఏని నకలు తీసుకుంటూ ఉంటే క్రోమోజోములు ముక్కలవుతాయి. క్లోన్ గొర్రె డాలీకి పొదుగు కణాన్ని వాడినప్పుడూ ఇలాగే నిద్రపుచ్చారు. అయినా 277 కలయికల్లో పుట్టింది ఒక్క గొర్రెపిల్లే.

ఒకసారి మా దగ్గర తొందరలో, చాలాసార్లు డిష్ మార్చిన పాత కణాల్నే వాడాం. మైక్రోస్కోప్‌లో ఏ లోపమూ కనిపించలేదు. పిండాలు మాత్రం ఎనిమిది, పదహారు కణాల దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి నుంచి ప్రతి వయల్ మీదా ఎన్నోసారి మార్చిన కణాలో రాయకుండా ఫ్రీజ్ చెయ్యలేదు.

పశువైద్యుడు, పల్నాడు:
కణం బాగున్నంత మాత్రాన దూడ చేతికి రాదండి. 1998లో జపాన్‌లోనే ఒక ఆవు అండం చుట్టూ ఉండే కణాలు, అండవాహిక కణాలు తీసుకుని పది పిండాల్ని గర్భాల్లో పెట్టారు. ఎనిమిది దూడలు పుట్టాయి. పది పెడితే ఎనిమిది రావడం మామూలు విషయం కాదు, కానీ నాలుగు ఈతప్పుడో ఆ తర్వాత కొద్ది రోజులకో పోయాయి. చర్మం కణం తను చర్మాన్నన్న పాత గుర్తుల్ని పూర్తిగా వదలకపోతే, ఆ లోపం ముందు కడుపులో దూడకి ఆహారం అందించే మాయలోనే బయటపడుతుంది. ఉమ్మనీరు విపరీతంగా చేరుతుంది, దూడ మితిమీరి పెరుగుతుంది. గేదె పది నెలలు మోసే పశువు, నష్టం దానికీ ఉంటుంది. కర్నాల్ మొదటి క్లోన్ దూడ సంరూప 2009లో కొద్ది రోజులే బతికింది. తర్వాతి ఏడాది పుట్టిన గరిమ-2 మాత్రం పెరిగి, 2013లో తనే ఈనింది.

ముక్క తియ్యాలనుకుంటే ముందు తీసుకునే ల్యాబ్‌తో మాట్లాడుకోండి, కోత తర్వాత. ఈలోగా ఆ పడ్డకి కూతుళ్ల పాలు లెక్కగట్టిన దున్న సెమెన్ వేయించండి. లక్ష్మి జీన్లలో సగం దాని ఒంట్లో ఉన్నాయి.

ఉయ్యూరు పాడిరైతు:
అందరికీ దండాలు. కత్తి పక్కన పెట్టేశాం. రేపు పొద్దున్నే ల్యాబ్‌కి ఫోన్ చేస్తాను. పడ్డ నిన్నటి నుంచి అరుస్తోంది, ఎదకొచ్చినట్టుంది. మా డాక్టర్ గారికి ఇప్పుడే కబురు పెట్టాను.