డిక్కీలో అత్యవసర తిండి ఏడాది పొడవునా ఉంచాలా?

కృష్ణాతీరం:
2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మునిగింది. వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి. అందుకే డిక్కీలో ఒక డబ్బా తిండి ఎప్పుడూ ఉండాలంటున్నాను. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. మీరేమంటారు?

పాతఅంబాసిడర్:
నవ్వరా మరి! మే నెల ఎండలో ఆపిన కారు లోపల వేడి అరవై డిగ్రీలకు చేరుతుంది. ప్యాకెట్ మీది తేదీ చల్లని, పొడి చోట ఉంచితేనే చెల్లుతుంది. జంతికలు, పల్లీపట్టీలు తొందరగా కనరు వాసన కొడతాయి. బెల్లం కరిగి డబ్బాకు అంటుకుంటుంది. పైగా ఎలుకలు! తిండి కోసం వచ్చినవి వైర్లనూ వదలవు. బయలుదేరే ముందు పులిహోర కట్టుకుంటే చాలదా?

లైఫ్‌బోట్:
వరద వస్తుందని తెలిస్తే అసలు బయలుదేరం కదండీ! ఓడల లైఫ్‌బోట్లలో ఉంచే ఆహారపు దిమ్మలున్నాయి. పిండి, కొవ్వు, చక్కెర కలిపి గట్టిగా అదిమి, గాలి చొరకుండా మూస్తారు. అయిదేళ్లు నిల్వ ఉంటాయి. 2022 జనవరిలో అమెరికాలోని వర్జీనియాలో మంచు కురిసి ఐ-95 రహదారి మీద కొందరు ఇరవై నాలుగు గంటలకు పైగా ఇరుక్కుపోయారు. అక్కడే ఆగిన ఒక రొట్టెల లారీ తలుపులు తెరిపించి పంచుకున్నారు. ప్రతిసారీ పక్కన రొట్టెల లారీ ఉంటుందా?

పాతఅంబాసిడర్:
అక్కడ మంచులో డిక్కీయే ఫ్రిజ్. ఇక్కడ రోహిణి కార్తె సంగతి చెప్పండి.

పుట్నాలపక్షం:
ఇద్దరూ తిండి దగ్గరే ఆగిపోయారు, నీళ్ల మాటే లేదు! ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒక పూట తినకపోయినా ఫరవాలేదు, దాహానికి మాత్రం ఆగలేరు. ప్లాస్టిక్ సీసా నెలల తరబడి ఎండలో మగ్గితే అందులోని రసాయనాలు నీళ్లలోకి దిగుతాయి. స్టీలు సీసాలో ప్రయాణానికోసారి కొత్త నీళ్లు పట్టండి. తిండి ఉంచదలిస్తే నూనెలో వేయించనివే: పుట్నాలు, అటుకులు, ఎండు ఖర్జూరం. బిగువు మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి సీటు కింద పెట్టండి. వినాయక చవితికి, దీపావళికి, సంక్రాంతికి పాతవి తినేసి కొత్తవి నింపండి. ఉగాది వెళ్లాక డబ్బాను ఇంట్లోకి తెచ్చేయండి.

కృష్ణాతీరం:
నాన్నగారికి చక్కెర వ్యాధి, మాత్రలు వాడతారు. వేళకు తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. నేను పట్టుబట్టేది అందుకే. గ్లూకోజు పొడి కూడా చేరుస్తాను. అంబాసిడర్ గారూ, స్టీలు డబ్బాకు కూడా ఎలుకలు వస్తాయా?

పాతఅంబాసిడర్:
ఆ మాట ముందే చెప్పాల్సింది. పెద్దాయన కోసమైతే తప్పక ఉంచండి. ఎలుకలు డబ్బా కోసం రావు, పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి కోసం వస్తాయి. వెనక సీటు సందులో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.