దెబ్బ తగిలిన కుర్రాడితో ‘పాజిటివ్‌గా ఉండు’ అనొచ్చా, అనకూడదా?

ఏటిగట్టు మావయ్య (అమలాపురం దగ్గర)

మా అక్క కొడుకు కబడ్డీ ఆడతాడు. డిగ్రీ రెండో ఏడు. సంక్రాంతికి ఊళ్ళో పోటీలు పెట్టారు. రెండో రోజు రైడ్‌కి వెళ్ళి, గీత వైపు గిరుక్కున తిరిగాడు. ఒళ్ళు తిరిగింది, కాలు మట్టిలో అలాగే ఉండిపోయింది. టప్‌మన్న చప్పుడు గట్టు మీద కూర్చున్న నాక్కూడా వినపడింది. స్కాన్ తీస్తే ఏసీఎల్, అంటే మోకాల్లో ఎముకల్ని కట్టి ఉంచే పేట, తెగిందన్నారు. ఆపరేషన్ అయి ఆరు వారాలు.

అప్పట్నుంచి చూడ్డానికి వచ్చే ప్రతివాళ్ళూ ఓ డజను అరటిపళ్ళు, ఓ సలహా పట్టుకొస్తున్నారు. “ఏం కాదురా అబ్బాయ్, పాజిటివ్‌గా ఉండు.” అరటిపళ్ళు ఆవుకి పెడుతున్నాం. సలహా ఏం చెయ్యాలో తెలీక ఇక్కడికొచ్చాను.

మొన్న మా బావగారి స్నేహితుడు ఆ మాట అనేసరికి వీడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దాయన ముందు అదేం పనని మా అక్క కేకలేసింది. ఇక మీదట వచ్చేవాళ్ళకి గుమ్మంలోనే చెప్పేద్దామా, ఆ మాట తప్ప ఇంకేదైనా మాట్లాడండని? అలా చేస్తే వాడు ఇంకా డీలా పడిపోతాడని బావగారు అంటున్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరేమంటారు?

రిటైర్డ్ పీఈటీ (రాజోలు)

నేను బావగారి పార్టీ. ముప్పై ఏళ్ళు విజిల్ ఊదాను. కాలు పోయినవాణ్ణి గ్రౌండ్‌కి తేవచ్చు గానీ మనసు పోయినవాణ్ణి తేవడం మహా కష్టం.

బ్యాడ్మింటన్ ఆడే మీ అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌నే చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి గ్రూపులో మూడు మ్యాచ్‌లాడి రెండు గెలిచాడు. ఆఖరికి బంగారు పతకం పట్టుకెళ్ళిన తైవాన్ జంటని కూడా ఓడించారు. అయినా గేముల లెక్కలో వెనకబడి క్వార్టర్స్‌కి వెళ్ళలేదు. తమని ఓడించలేకపోయినవాళ్ళు పోడియం ఎక్కుతుంటే చూడ్డం ఎలా ఉంటుందో! అక్కడే కూలబడితే 2022లో థామస్ కప్పు, 2023లో ఆసియా క్రీడల బంగారం వచ్చేవా? చూడ్డానికొచ్చేవాళ్ళకి మాటలు చేతకాకపోవచ్చు, ప్రేమ ఉండబట్టే వస్తున్నారు. గుమ్మంలో ఆపకండి.

కొబ్బరిమట్ట (ముమ్మిడివరం)

మాస్టారూ, పారిస్ ఒలింపిక్స్ సంగతి ఎందుకు వదిలేశారు? 2024 క్వార్టర్స్‌లో మొదటి గేము గెలిచాక కూడా మలేషియా జంట చేతిలో ఓడిపోయారు. మనసు బలంతో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో గెలిచారంటే, పారిస్‌లో ఆ మనసు ఇంటి దగ్గర మర్చిపోయి వెళ్ళారనాలి. అవతల ఆడినవాళ్ళకి కూడా ఆట వచ్చు కదండీ.

నా సంగతి చెప్తాను. ఇంటర్‌లో వాలీబాల్ ఆడేవాణ్ణి. భుజం జారింది. “ధైర్యంగా ఉంటే అదే సర్దుకుంటుంది” అని మా కోచ్ దగ్గర్నుంచి పాలబ్బాయి దాకా అందరూ అన్నారు. ధైర్యంగానే ఉన్నాను. ఆరో వారంలో స్మాష్ కొట్టాను. మళ్ళీ జారింది. ఇప్పటికీ అటక మీంచి బిందె దించాలంటే ఎడమ చెయ్యే. అన్నవాళ్ళలో ఒక్కళ్ళకీ ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

రిటైర్డ్ పీఈటీ

మీ భుజం పోయింది తొందర వల్ల బాబూ, ఆశ వల్ల కాదు.

కొబ్బరిమట్ట

ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు?

ఫిజియో చదువుతున్న అమ్మాయి (రాజమండ్రి)

నేనింకా స్టూడెంట్‌నే, రోజూ చూసేది మాత్రం చెప్తాను. ఏసీఎల్ తెగితే మామూలుగా దాన్ని కుట్టి వదిలెయ్యరు. తొడ వెనక నుంచో మోకాలి ముందు నుంచో ఒక పేట తీసి, ఆ చోట బిగిస్తారు. అది ఎముకకి అతుక్కుని గట్టిపడాలంటే నెలలు పడుతుంది. నొప్పి మాత్రం చాలా ముందే పోతుంది. మూడో నెలకల్లా కుర్రాడికి అంతా బాగైపోయినట్టే ఉంటుంది. తొమ్మిది నెలల లోపే మళ్ళీ ఆటకి దిగినవాళ్ళకి రెండోసారి తెగే భయం బాగా ఎక్కువ. అందుకే ఆరో వారంలో గోడవైపు తిరిగి పడుకున్నవాడి కంటే నాలుగో నెలలో హుషారుగా లేచి గ్రౌండ్‌కి పోయేవాణ్ణి చూస్తే నాకు టెన్షన్. దిగులుతో తిండీ నిద్రా మానేస్తే మాత్రం అది వేరే సంగతి, డాక్టర్‌కి చెప్పాల్సిందే.

మావయ్యగారూ, ఇంట్లో టైలర్ టేపు ఉందా? మోకాలి చిప్పకి పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలవండి. ఆపరేషన్ కాలు సన్నబడి ఉంటుంది. వారానికోసారి కొలిచి క్యాలెండర్ మీద రాయండి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదమమని వాళ్ళ ఫిజియో చెప్పే ఉంటారు. నిజంగా చేస్తున్నాడో లేదో కొన్ని వారాలకి ఆ అంకెలే చెప్తాయి.

ఇద్దరు ఆటగాళ్ళ తల్లి (భీమవరం)

ఇంతమంది మాట్లాడారు గానీ, ఆ అబ్బాయి దేని గురించి దిగులు పడుతున్నాడో ఎవరైనా అడిగారా? మోకాలి గురించే అని మనమే అనుకుంటున్నాం. మా ఇళ్ళల్లో ఆటంటే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా. మా పెద్దాడికి చీలమండ విరిగినప్పుడు నేనూ ‘పాజిటివ్‌గా ఉండరా’ అనేదాన్ని. ఏణ్ణర్ధం తర్వాత చెప్పాడు, “నువ్వు ఆ మాట అన్నాక ఇంకేం మాట్లాడతానమ్మా” అని. సెలక్షన్స్ తేదీ దాటిపోతోందన్న సంగతి వాడు అన్నాళ్ళూ లోపలే పెట్టుకున్నాడు.

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యోలో గాల్లో తను ఎక్కడున్నదీ తనకే తెలియడం లేదని ఫైనల్ మధ్యలో తప్పుకుంటే పిరికిదన్నవాళ్ళున్నారు. పారిస్‌లో మూడు బంగారు పతకాలు. ఆ రోజు ఎవరి మాటో విని ఎగిరుంటే మెడ విరిగేదేమో!

సార్వా దాళ్వా (పాలకొల్లు)

మోకాళ్ళ సంగతి నాకు తెలీదు, వరి సంగతి చెప్తాను. మా పక్కన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో తీసిన స్వర్ణ రకం 1982లో వచ్చింది. దిగుబడికి తిరుగులేదు. కానీ ఊడ్పులయ్యాక నాలుగు రోజులు మునిగిందంటే, ఊపిరి కోసం ఆకులు పైకి సాగదీస్తుంది. ఉన్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చు. ముంపు తీశాక నిలబడ్డానికి ఓపిక ఉండదు, పడిపోయి కుళ్ళిపోతుంది. తర్వాత ఒడిశా పాత రకం గుణం కలిపి స్వర్ణ సబ్-1 తెచ్చారు. అది మునిగితే సాగదు. ఎదుగుదల ఆపేసి, ఉన్నది దాచుకుని ఊరుకుంటుంది. రెండు వారాల దాకా అలా ఉండి, నీరు తీశాక మళ్ళీ పిలకలేస్తుంది. చూసేవాడికి చచ్చిపోయినట్టే ఉంటుంది. మావయ్యగారి మేనల్లుడు గోడవైపు తిరిగాడంటే నాకు ఆ మడి గుర్తొచ్చింది.

రిటైర్డ్ పీఈటీ

బావుందండీ, కానీ వరి మొక్కకి కాలేజీ లేదు, ఫీజు లేదు, సెలక్షన్స్ లేవు.

ఫిజియో చదువుతున్న అమ్మాయి

రెండు వారాలకి సరే బాబాయ్‌గారూ, ఇది తొమ్మిది నెలల ముంపు. అన్నాళ్ళు కదలకుండా ఉంటే తొడ కండ కరిగిపోతుంది. నెలల తరబడి నీళ్ళు నిలిచే చోట లోతునీటి వరి వేస్తారని మీకే తెలుసు కదా. అది సాగే బతుకుతుంది.

సార్వా దాళ్వా

ఆయ్, అక్కడ దొరికిపోయాను. నీరు ఎన్నాళ్ళుంటుందో చూసుకుని రకం ఎంచుకోవాలి, ఒప్పుకున్నాను. అయినా మొదటి రెండు వారాలు మాత్రం వాణ్ణి వదిలెయ్యాల్సింది.

ఏటిగట్టు మావయ్య

అందరికీ దండాలు. రాత్రి ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. సాత్విక్ కథ దగ్గర “తెలుసులే మావయ్యా” అన్నాడు. వరి దగ్గర మళ్ళీ చదవమన్నాడు. భీమవరం అమ్మగారి మాట చదివాక కాసేపు ఊరుకుని, పోలీసు సెలక్షన్స్‌కి వెళ్దామనుకున్నానని చెప్పాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. (మా అక్క ఇక్కడ చదవదులెండి.)

ఎవర్నీ గుమ్మంలో ఆపలేదు. ఇవాళ బావగారి ఇంకో స్నేహితుడొచ్చారు. నేను కొలుస్తుంటే “ఏం కాదురా...” అని మొదలెట్టారు. టేపు కొస ఆయన చేతికిచ్చి, కాస్త ఇలా పట్టుకోండి అన్నాను. కళ్ళజోడు సవరించుకుని అంకె చదవడంలో పడ్డారు. రెండో కాలు కూడా ఆయనే కొలిచి, తేడా ఎందుకొచ్చిందని వాణ్ణే అడిగారు. వాడు తువ్వాలు చుట్ట పెట్టి అదిమి చూపించాడు. ఆరు వారాల్లో చూడ్డానికొచ్చినవాళ్ళతో వాడు ఇంతసేపు మాట్లాడ్డం ఇదే మొదలు.

అరటిపళ్ళు మాత్రం మళ్ళీ డజను.

రిటైర్డ్ పీఈటీ

అంకె ఎంతొచ్చిందో చెప్పలేదు.

ఏటిగట్టు మావయ్య

మంచికాలు నలభై తొమ్మిదిన్నర మాస్టారూ. రెండోది నలభై ఆరు.